వడ్డీ డబ్బుతో బడులు కట్టిన కేథరిన్ డ్రెక్సెల్

మన ఇళ్లలో కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం, ఇస్త్రీ యూనిఫాం, క్రమశిక్షణ. మతం ఏదైనా సరే, అక్కడ సీటు దొరికితే చాలనుకునేవాళ్లు పెద్దవాళ్లు. అమెరికా వచ్చాక కూడా మనవాళ్లు కొందరు పిల్లల్ని క్యాథలిక్ స్కూళ్లకే పంపుతున్నారు. అయితే ఇక్కడి స్కూళ్ల తలుపులు అందరికీ తెరిచి ఉండేవి కావు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలు చర్చిలో సైతం వెనక బెంచీల్లోనే కూర్చోవాలి. ఆ రోజుల్లో వాళ్లకోసం బడులు కట్టిన స్త్రీ కేథరిన్ డ్రెక్సెల్.

ఆమె 1858 నవంబరు 26న ఫిలడెల్ఫియాలో, పెద్ద బ్యాంకర్ల కుటుంబంలో పుట్టింది. నెల రోజులు దాటగానే కన్నతల్లి పోయింది. పెంచింది సవతి తల్లి ఎమ్మా. మన కథల్లోని సవతి తల్లులకు ఈమె పూర్తిగా వ్యతిరేకం. వారానికి మూడు రోజులు ఇంటి తలుపు తీసి పేదలకు సాయం చేసేది, ఆడపిల్లలు ముగ్గురితోనూ చేయించేది.

ఎమ్మా క్యాన్సర్‌తో బాధపడి 1883లో చనిపోయింది. రెండేళ్లకు తండ్రీ పోయాడు. ఆస్తి సుమారు 1.55 కోట్ల డాలర్లు. అందులో పదో వంతు దానాలకు పోగా, మిగతాది ట్రస్టులో పెట్టి, కూతుళ్లకు ఆదాయం మాత్రమే అందేలా వీలునామా రాశాడు. డబ్బు కోసం వచ్చే అల్లుళ్ల బెడద ఉండకూడదని ఆయన జాగ్రత్త.

వరసగా ఇద్దరినీ పోగొట్టుకున్న కేథరిన్ ఆరోగ్యం కుప్పకూలింది. ఇప్పుడైతే కౌన్సెలింగ్ అంటాం. అప్పట్లో డబ్బున్నవాళ్లు యూరప్ వెళ్లి ఊటనీళ్ల వైద్యం చేయించుకునేవాళ్లు. 1887 జనవరిలో రోములో పోప్ 13వ లియోను కలిసి, తాను డబ్బిస్తున్న నేటివ్ అమెరికన్ మిషన్లకు మనుషుల్ని పంపమని అడిగింది. నువ్వే ఎందుకు వెళ్లకూడదని ఆయన ఎదురడిగాడు. చెక్కు రాసివ్వడం వేరు, మనిషే వెళ్లడం వేరు. రెండేళ్లకు ఆమె పిట్స్‌బర్గ్‌లో సన్యాసినుల మఠంలో చేరింది. 1891లో బ్లెస్డ్ సేక్రమెంట్ సిస్టర్ల సంఘం పెట్టింది.

బడి కట్టడం కన్నా స్థలం కొనడమే కష్టమైంది. 1905లో నాష్‌విల్‌లో కారణం చెప్పకుండా మధ్యవర్తి ద్వారా ఇల్లు కొన్నారు. నల్లజాతి అమ్మాయిల బడి కోసమని తెలిశాక, అమ్మినాయన బేరం రద్దు చేసుకోవాలని చూశాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. టెక్సాస్‌లోని బ్యూమాంట్‌లో క్లూ క్లక్స్ క్లాన్ బెదిరింపులూ ఎదురయ్యాయి.

బడులు సరే, పాఠాలు చెప్పేదెవరు? ఈ ప్రశ్నకే జేవియర్ పుట్టింది. న్యూ ఆర్లీన్స్‌లో ఖాళీ అయిన ఒక కాలేజీ ఆవరణను 1915లో కొని హైస్కూలు తెరిచింది. తర్వాత టీచర్ల శిక్షణ, 1925లో డిగ్రీ కోర్సులు, 1927లో ఫార్మసీ వచ్చాయి. అక్కడ చదివినవాళ్లు లూసియానా పల్లెల్లోని చిన్న బడుల్లో టీచర్లయ్యారు. సైన్సు చదువుకున్న నాకు ఆమె పనుల్లో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మెచ్చుకోలేనివీ ఉన్నాయి. ఆమె కట్టినవి వేరు బడులు, అందరూ కలిసి కూర్చునేవి కావు. ఆనాటి చట్టాల్లో అంతకు మించి కుదరదని సరిపెట్టుకోవచ్చు. కానీ నల్లజాతి స్త్రీలను దశాబ్దాల పాటు తన సంఘంలోకే తీసుకోలేదు. వాళ్లకు వేరే సంఘాలున్నాయి, వాటికి పోటీ కాకూడదన్నది చెప్పిన కారణం. నాకది చాలదు. 1894 నుంచి శాంటా ఫేలో ఆమె సిస్టర్లు నడిపిన సెయింట్ కేథరిన్ స్కూలు నేటివ్ అమెరికన్ పిల్లల బోర్డింగ్ స్కూలు. ఆ కాలపు బోర్డింగ్ బడులు పిల్లల్ని ఇంటి భాష నుంచి, అమ్మానాన్నల నుంచి ఎలా దూరం చేశాయో అమెరికా ప్రభుత్వమే 2022 నివేదికలో రాసింది. ఇంట్లో తెలుగు నిలపడానికి రోజూ తంటాలు పడే మనకు ఆ బాధ కాస్తయినా తెలుస్తుంది. సిస్టర్ల దయ ఎంత నిజమైనా, రాత్రి పడుకునే ముందు అమ్మ మాట వినపడని పిల్లవాడికి అది సరిపోదు.

1935లో గుండెపోటు వచ్చాక ఆమె క్రమంగా బాధ్యతలు వదిలి, దాదాపు 20 ఏళ్లు ప్రార్థనలో గడిపింది. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954 మేలో తీర్పిచ్చేనాటికి ఆమె బతికే ఉంది. 1955 మార్చి 3న, 96వ ఏట కన్నుమూసింది. 2000లో చర్చి ఆమెను సెయింట్‌గా ప్రకటించింది.

అక్కచెల్లెళ్లలో ఆఖరున పోయింది కేథరినే. ముగ్గురికీ పిల్లలు లేరు. వీలునామా ప్రకారం అసలు సొమ్ము తండ్రి ముందే రాసిపెట్టిన సంస్థలకు వెళ్లింది. ఆ జాబితా రాసేనాటికి కూతురి సంఘం ఇంకా పుట్టలేదు. దాంతో సిస్టర్లకు ఒక్కసారిగా ఆదాయం ఆగిపోయింది. జేవియర్ మాత్రం నిలబడింది. ఈరోజు అక్కడ ఎవరైనా చేరవచ్చు. దేశంలో నల్లజాతి డాక్టర్లు, ఫార్మసిస్టులు ఎక్కువగా చదువుకుని వచ్చే కాలేజీల్లో దాని పేరు తప్పకుండా ఉంటుంది.