పావులూరి మల్లన

రాజరాజనరేంద్రుడు వేంగీరాజ్యము నేలిన దినములలో (1022–1061) నన్నయభట్టు భారతమును తెనుగు చేయ నారంభించెనని మన బాలబాలికలెల్ల రెరుగుదురు. గణితమును తెనుగు చేసినవా డెవ్వడని యడిగినచో తరగతియంతయు మౌనము వహించును. అతడే పావులూరి మల్లన.

రాజువలన పిఠాపురము చెంతనున్న నవఖండవాడ గ్రామమును బడసినవాడు ఇతడేయని పలువురి మతము. గ్రామము తాతదనియు, గ్రంథము అదే పేరుగల మనుమనిదనియు మరికొందరి మతము. క్రీ.శ. 850 ప్రాంతమున జైనుడగు మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెనుగు పద్యములలో బెట్టెను. కొన్ని విడిచెను, కొన్ని కూర్చెను, జైన ప్రసంగములకు మారు శైవ ప్రసంగముల నుంచెను. ఇది తప్పని నేనెంచను. చదువువాని యింటి మాటలలో చెప్పిన లెక్కయే వాని మనస్సున నాటును. వడ్డీ లెక్కయు పొలము కొలతయు తెలియని కాపు, అప్పిచ్చినవాడు చెప్పిన మాటకు తలయూపవలసినదే గదా! సంస్కృతము రానివానికి ఆ విద్య యందుట చిన్న యుపకారము కాదు.

అతని లెక్కలలో చదరంగపు లెక్క ప్రసిద్ధము. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 గడులు నింపిన మొత్తమెంత? మల్లన ఒక్క పద్యమున జవాబు చెప్పెను. చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానమునుండి యెడమకు వ్రాసికొనిపోయిన 18446744073709551615 వచ్చును. ఛందస్సు కావలియుండుటచే వ్రాయసకాడు అంకెను జారవిడుచుట కష్టము. ఇంచుమించు ఆ కాలముననే అల్‌బిరూనీయను పండితుడును ఇదే సంఖ్యను కట్టెను.

పరీక్షింపగోరువారు 63 మారులు రెట్టింప నక్కరలేదు. 2ను వర్గింపుడు, వచ్చినదానిని మరల వర్గింపుడు: 4, 16, 256, 65536, 4294967296. ఇంకొకమారు వర్గించి 1 తీసివేయుడు. మా తరగతిలో ఆ యొకటి తీయుట మరచి 616తో ముగించినవారే యెక్కువ! మొత్తము బేసి కావలెనని వారికి తోచలేదు. మొదటి గడిలోని యొంటి గింజ తప్ప తక్కిన గడులన్నియు సరిసంఖ్యలే కదా.

ఈ సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ప్రధానసంఖ్యల లబ్ధముగా విడదీయవచ్చును. వీనిలో 641ని కనుగొనుట సులభము కాలేదు. 4294967297 ప్రధానసంఖ్యయని ఫెర్మా తలచెను. దానిని 641 భాగించునని 1732లో ఆయిలర్ చూపెను. నేటి కంప్యూటరులలో 64 బిట్ల స్థానమున ఇముడు మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్యయు మల్లన సంఖ్యయే.

గ్రాముకు 40 బియ్యపు గింజల చొప్పున చూచిన, ఆ గడులకు సుమారు 46,000 కోట్ల టన్నులు కావలెను. మన దేశమున ఇప్పుడు ఏటా పండు బియ్యము సుమారు 15 కోట్ల టన్నులు. ఒక్క గింజయు తినక కూడబెట్టినను మూడువేల యేండ్లు పట్టును.