కొమర్రాజు వేంకట లక్ష్మణరావు

ఈ పాఠం చదివాక మీరు
- జాతీయ భావం పెరగడానికి భాష, పుస్తకాలు ఎలా తోడ్పడతాయో చెప్పగలుగుతారు.
- లక్ష్మణరావు గారు నెలకొల్పిన సంస్థలను పేర్కొనగలుగుతారు.

గ్రీసు దేశం శతాబ్దాల పాటు టర్కీ సుల్తానుల పాలనలో ఉంది. 1821లో గ్రీకులు తిరుగుబాటు చేశారు. 1830లో వారి స్వాతంత్ర్యాన్ని బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా గుర్తించాయి. తిరుగుబాటుకు ముందే కొరాయిస్ అనే పండితుడు పారిస్‌లో ఉంటూ ప్రాచీన గ్రీకు గ్రంథాలను అచ్చువేయించాడు. వాటిని చదివిన వారిలో తామంతా ఒక జాతి అన్న భావం బలపడింది. తెలుగువారికి అటువంటి సేవ చేసినవారు లక్ష్మణరావు గారు.

బాల్యం, చదువు

ఆయన 1877 మే 18న కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించారు. నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ దగ్గర ఉండి చదువుకున్నారు. బడికి వెళ్లని అక్క తమ్ముడితో పాటే చదువు నేర్చి, తర్వాత రచయిత్రి అయ్యారు. లక్ష్మణరావు గారు మరాఠీలో వ్యాసాలు రాసేంతగా ఆ భాష నేర్చుకున్నారు. మరాఠీలో చరిత్ర గ్రంథాలు వెలువడుతుంటే తెలుగులో అవి అరుదుగా ఉండటం ఆయనను బాధించింది. ఎం.ఎ. పూర్తిచేశారు. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు.

గ్రంథాలయం, పుస్తకాలు

నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో సుమారు సగం మంది తెలుగువారు. అయినా అధికార భాష ఉర్దూ. అక్కడ 1901 సెప్టెంబరు 1న మునగాల రాజా, రావిచెట్టు రంగారావు మొదలైన వారితో కలిసి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని స్థాపించారు. తెలుగువారు కలిసి కూర్చుని తమ భాషలో చదువుకునే చోటు ఏర్పడింది.

1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైంది. చరిత్ర, శాస్త్ర విషయాలను సామాన్యులకు అర్థమయ్యే తెలుగులో అందించడం దాని లక్ష్యం. మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ జీవితం. దాన్ని రాసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును, పత్రికలో రాసిన మరో వ్యాసానికి, ఆంగ్ల ప్రభుత్వం 1908లో జైలుకు పంపింది. అయినా లక్ష్మణరావు గారు పని ఆపలేదు. మండలిని మద్రాసుకు మార్చి కొనసాగించారు. చిలుకూరి వీరభద్రరావు రాసిన ఆంధ్రుల చరిత్రను కూడా మండలి ప్రచురించింది.

అసంపూర్తిగా మిగిలిన పని

తర్వాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923 జూలై 12న, 46 ఏళ్లకే మద్రాసులో కన్నుమూశారు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు చేపట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటాన్ని ఆయన చూడలేదు. కాని దానికి కావలసిన పాఠకులను ఆయన తయారుచేశారు.

లక్ష్మణరావు గారు తెలుగు నేలకు దూరంగా పెరిగారు. అండమాన్‌లోని బ్రూక్షాబాద్ వంటి చోట ఉండి ఈ పాఠం చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దూరం భాషను దూరం చేయనక్కరలేదు.

పాఠ్యగత ప్రశ్నలు
1. కొరాయిస్, లక్ష్మణరావు గార్ల కృషిలో పోలిక ఏమిటి?
2. విజ్ఞాన చంద్రికా మండలి లక్ష్యం ఏమిటి?
3. మీ ఊరిలో గ్రంథాలయం ఉందా? లేకపోతే ఎలా ప్రారంభిస్తారు? ఐదు వాక్యాలలో రాయండి.