స్వభావమెఱిగిన వృత్తి – సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితము

మానవునకు జీవనోపాధి వేఱు, జీవితకార్యము వేఱు. ఈ రెండును ఒక్కచోట కలియుట సుకృతమని పెద్దలు తలంచుచుందురు. సుకృతమే కావచ్చును. కాని దానికొఱకు తన్ను తాను ఎఱుగుటయు, ఎఱిగినపిదప కొంత విడిచిపెట్టుటయు అవసరము.

నల్లమల అంచుననున్న బల్మూరు మొదలుకొని తుంగభద్రా తీరమందలి అలంపురము వఱకు వ్యాపించిన పాలమూరు సీమలో నేడు బిడ్డల చదువులను గూర్చిన చింత లేని గృహము లేదు. ఏ చదువునకు ఎంత జీతము వచ్చునని విచారింతుము గాని, ఈ బిడ్డ మనస్సు దేనికొఱకు తపించుచున్నదని విచారించుట అరుదు. ఇట్టి తలిదండ్రులును, యువకులును ఒకమాఱు తలచుకొనదగినవారు ఆ సీమలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు.

వారు 1896 మే 28న, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించిరి. స్వగ్రామము ఇటికాలపాడు. కర్నూలులో చదివి, సంస్కృతము నేర్చి, మదరాసులో బి.ఏ. ముగించి, అటుపిమ్మట బి.ఎల్. పట్టమును పొందిరి. ఆ కాలమున న్యాయవాది యనిన ధనమునకు, గౌరవమునకు లోటు లేదు. ప్రతాపరెడ్డిగారును కొంతకాలము న్యాయవాద వృత్తి చేసిరి. పిమ్మట దానిని విడిచిరి. ఆయన ఆంతర్యమునందేమి జరిగినదో మనమెట్లు చెప్పగలము? చేసిన పనులే చెప్పుచున్నవి.

ఆనాటి నిజాం రాజ్యములో ప్రజలలో పెక్కుమంది తెలుగువారైనను, పరిపాలనకును ఉన్నతవిద్యకును భాష ఉర్దూ. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ప్రతాపరెడ్డిగారు హైదరాబాదులోని రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శిగా నుండి, విద్యార్థులకొఱకు అచటి గ్రంథాలయమును పెంపొందించిరి. చదువుకొన్న బాలురను, చదువుకొన నోచని పల్లెలను ఆయన చూచుచుండెడివారు. 1926 మే 10న గోలకొండ పత్రికను స్థాపించిరి.

పత్రిక యనగానే నేటివారికి పెద్ద కార్యాలయము, పలువురు ఉద్యోగులు స్ఫురింతురు. నాడు సంపాదకుడే రచయిత. ప్రతాపరెడ్డిగారు పలు మాఱుపేర్లతో తామే వ్యాసములు వ్రాసి స్తంభములు నింపెడివారు. చదువరులు తక్కువ, ధనము తక్కువ, ప్రభుత్వపు కన్ను మాత్రము ఎక్కువ. ముందుగా అనుమతి పొందనిదే సంపాదకీయములు ప్రకటింపరాదని నిర్బంధము వచ్చినపుడు ఆయన కలము మూయలేదు, కలహమునకును దిగలేదు. సంపాదకీయపు చోట మహాపురుషుల సూక్తులను ముద్రించిరి. తెలిసినవారికి ఆ మౌనమే సంపాదకీయము.

తన పనియేదో తెలిసినవాడు నిందకు ఎట్లు బదులిచ్చునో 1934లో కనబడినది. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, అట్టి మాటకు కోపముతో పది వ్యాసములు వ్రాయవచ్చును. ప్రతాపరెడ్డిగారు ఊరూరి కవులను వెదకి, 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఇన్ని ఉత్తరములు వ్రాయుట, వచ్చినవానిని సరిచూచుట, అచ్చు దిద్దుట ఎంతటి శ్రమయో తలపోయుడు. కీర్తికొఱకే యైనచో ఇంతకన్న సులభమైన దారులు కలవు.

దారి దొరకిన పిదప సందేహమే రాదని తలంపరాదు. ఆయనను ప్రజాకార్యములును పిలిచినవి. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఐనను కలమును వీడలేదు. హిందువుల పండుగలను గూర్చి వ్రాసిరి. రామాయణమును పరిశోధకుని దృష్టితో పరిశీలించి రామాయణ విశేషములు రచించిరి. అందలి అభిప్రాయములన్నియు భక్తులకు సమ్మతములు కాకపోవచ్చును. విచారణ చేయక అంగీకరించుట ఆయన స్వభావము కాదు.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన కృషికి ఫలసారము. చరిత్రకారులు రాజులను, యుద్ధములను లెక్కించుచుండగా, ఈయన సుమారు వేయి సంవత్సరముల తెలుగువారి తిండిని, బట్టను, ఆటను, పండుగను, నమ్మకమును వెదకిరి. శాసనములు చెప్పనిదానిని క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యములనుండి ఏరిరి. సంస్కృతము చదివిన బాలుడు, న్యాయశాస్త్రమున సాక్ష్యమును పరీక్షింప నేర్చిన యువకుడు, పల్లెవారికొఱకు వ్రాసిన పత్రికాసంపాదకుడు ముగ్గురును ఆ పుటలలో కలిసి పనిచేసినట్లు తోచును. విడిచిన వృత్తియు వృథా పోలేదు.

1953 ఆగస్టు 25న ఆయన పరమపదించిరి. కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే లభించినది. అందుకొనుటకు ఆయన లేరు.