టపా ఉద్యోగి బొమ్మలు గీసిన వాన్ గో

విన్సెంట్ వాన్ గో 1853లో హాలెండులోని జుండర్ట్ గ్రామంలో ఒక చర్చి బోధకుని ఇంట పుట్టారు. బొమ్మల దుకాణంలో గుమాస్తాగిరీ, బడిపంతులు పని, బొగ్గుగనుల ఊళ్లో మతబోధ - ఏదీ నిలవలేదు. 27వ ఏట చిత్రకళ చేపట్టారు. తిండికీ, రంగులకూ తమ్ముడు థియో పంపే డబ్బే ఆధారం.

మొదట్లో మట్టిరంగులే వాడారు. 1886లో పారిస్ చేరాక పద్ధతి మారింది. అక్కడి కొత్త చిత్రకారులు రంగులు బాగా కలిపి నున్నగా పూయడం మానేశారు. వేర్వేరు రంగులను పక్కపక్కనే చిన్న చిన్న గీతలుగా పెట్టేవారు. దగ్గరికెళ్లి చూస్తే అంతా గజిబిజి. నాలుగడుగులు వెనక్కి వేస్తే కన్నే వాటిని కలుపుకుంటుంది. పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేసిన చీర దూరానికి మూడో రంగులో కనబడటం మన నేతగాళ్లకు తెలియనిది కాదు. వాన్ గో కూడా ఏ రంగు పక్కన ఏది ఒప్పుతుందో చూసేందుకు రంగురంగుల ఉన్ని దారాలను ఉండలు చుట్టి పెట్టెలో ఉంచుకున్నారు.

అయితే ముఖచిత్రం గీయాలంటే ఎదుట మనిషి గంటల తరబడి కూర్చోవాలి. అందుకు కూలి ఇవ్వాలి. ఆ డబ్బు లేక, అద్దంలో చూసుకుంటూ తన ముఖాన్నే పదేపదే గీసుకున్నారు.

1888 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్నానికి వెళ్లారు. అక్కడ జోసెఫ్ రూలాన్ పరిచయమయ్యారు. రైల్వేస్టేషన్లో టపా పని చూసే ఉద్యోగి. గుబురు గడ్డం, నీలి యూనిఫారం, మెరిసే గుండీలు. బొమ్మకు కూర్చున్నందుకు ఆయన డబ్బు పుచ్చుకోలేదు. కాని కలిసి తినడం, తాగడం సాగింది. లెక్క చూస్తే కూలి ఇవ్వడమే చౌక! రూలాన్‌వి ఆరు చిత్రాలు గీశారు. భార్యనూ, నెలల పసిబిడ్డతో సహా ముగ్గురు పిల్లలనూ గీశారు. ఆ గడ్డం నిండా వంకీలు తిరిగిన కుంచె గీతలు, ముఖంలో అక్కడక్కడ ఆకుపచ్చ. అయినా మనిషి ఎదుట కూర్చున్నట్టే ఉంటాడు.

1888 డిసెంబరు 23న వాన్ గో మతి చెదిరి చెవి కోసుకున్నారు. రూలాన్ ఆసుపత్రికి వెళ్లి చూసి, థియోకు ఉత్తరాలు రాశారు. 1889 జనవరిలో ఆయనకు మార్సెయికి బదిలీ అయింది. ఆపైన కొద్ది వారాలకే వాడవాళ్లు కొందరు వాన్ గోను బయట తిరగనివ్వరాదని అర్జీ పెట్టారు.

1890 జూలై 29న తుపాకి గాయంతో వాన్ గో కన్నుమూశారు. వయసు 37. ఆ ఏడాదే ఆయన ద్రాక్షతోట చిత్రం 400 ఫ్రాంకులకు అమ్ముడైంది. చివరి రోజుల్లో వైద్యం చేసిన డాక్టర్ గాషే ముఖచిత్రం 1990లో 8 కోట్ల 25 లక్షల డాలర్లు పలికింది.

రూలాన్ చిత్రాలు అమెరికాలో బోస్టన్, న్యూయార్క్ మ్యూజియాల్లో ఉన్నాయి. టోపీ మీద టపా శాఖ పేరు ఇప్పటికీ చదవవచ్చు.