మీ ల్యాప్‌టాప్ కోర్లు ఖాళీయేనా? సుబ్బారావు గారి కథ చదవండి!

మీరు కొలకలూరులో ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ క్లాసు వింటున్నారనుకోండి. అందులో ఎనిమిది కోర్లుంటే, క్లాసుకు కావాల్సింది ఒకటో రెండో. మిగతావి ఊరికే ఉంటాయి. వాటికో మంచి పని ఉంది. అదేంటో తెలియాలంటే ముందు మన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తెలుసుకోవాలి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుంటే ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరినీ రోజుల తేడాలో మింగేసింది. ఆయనకూ సోకింది కానీ, బతికి బయటపడ్డారు.

తర్వాత అమెరికా వెళ్లారు. ఆస్పత్రిలో రాత్రిళ్లు చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ గొప్ప పరిశోధనలే చేసినా, శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అక్కడే అసలు వేట మొదలైంది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సోదరుల్ని బలిగొన్న స్ప్రూకు అది మందయింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. మన ఊళ్లలో బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబ్ చలవే. ఆరియోమైసిన్ కోసమైతే ఎక్కడెక్కడి నుంచో మట్టి నమూనాలు తెప్పించారు. ఎవరెవరో పంపిన మట్టిలో ఒకచోట మందు దొరికింది. ఆ ఏడాదే ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడనేలేదు.

ఇప్పుడు మీ కోర్ల సంగతి. మందుల వేట ఈనాటికీ అంతే, చాలామంది చేతులు కలవాలి. కాకపోతే మట్టికి బదులు లెక్కలు. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ 2009లో పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా క్యాన్సర్ మీద ఓ ప్రాజెక్టు మొదలుపెట్టింది. వలంటీర్ల కంప్యూటర్లు సుమారు 30 లక్షల రసాయనాలను జల్లెడ పట్టాయి. జపాన్ శాస్త్రవేత్తలు వాటిలోంచి ఏడింటిని ఆశాజనకమైనవిగా తేల్చారు. ఇంకా మందు కాలేదు కానీ, వెతకాల్సిన చోటు తెలిసింది.

మీరూ చేయొచ్చు. బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, ఒక్కో కోరుకు ఒక్కో చిన్న లెక్క వస్తుంది. నాలుగు కోర్లిస్తే నాలుగు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. అన్నీ ఇచ్చేయకండి, సెట్టింగ్స్‌లో సగం చాలు. ఒక్కో లెక్కకూ ర్యామ్ కావాలి, వేడి పెరుగుతుంది, కరెంటు బిల్లూ కాస్త పెరుగుతుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆగిపోయేలా పెట్టుకోండి. కాలేజీ కంప్యూటర్లయితే అనుమతి తప్పనిసరి.

దీనికి జీతం రాదు. కానీ పెద్ద పనిని ముక్కలు చేసి వందల యంత్రాలకు పంచడం ఎలాగో చేతికొస్తుంది. కంప్యూటర్ సైన్సు వాళ్లకైనా, ఫార్మసీ వాళ్లకైనా రేపు అక్కరకొచ్చే విద్యే అది. సుబ్బారావు గారికి ఇన్ని కోర్లు లేవు. మీకున్నాయి!