టిక్కెట్టు అడిగిన పద్నాలుగేళ్ల బాలిక



1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఖద్దరు ప్రదర్శన కూడా పెట్టారు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపరాదని గేటు దగ్గరి వాలంటీరు బాలికకు పెద్దలు చెప్పారు. ఇంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన వద్ద టిక్కెట్టు లేదు. బాలిక ఆయనను ఆపింది. నిర్వాహకులు కంగారుపడి ఆమెను కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేస్తున్నానని ఆమె బదులిచ్చింది. చివరకు వారే టిక్కెట్టు కొని తెచ్చారు. అప్పుడే ఆమె దారి ఇచ్చింది. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు.

ఆ బాలిక దుర్గాబాయి. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకుంది. తండ్రి, తమ్ముడు ఆమె నిర్ణయానికి అండగా నిలిచారు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఆంగ్ల మాధ్యమంలో చదవనని పన్నెండేళ్లకే బడి మానింది. అయితే ఊరికే కూర్చోలేదు. తాను హిందీ నేర్చుకుని, బాలికల కోసం హిందీ పాఠశాల తెరిచింది. కన్నతల్లికి కూడా తానే నేర్పింది. తరువాత ఆ తల్లి కూతురి పక్కన నిలబడి ఇతరులకు పాఠాలు చెప్పింది. పెద్దవారు పిల్లల దగ్గర నేర్చుకుంటే వారి గౌరవానికి లోటు రాదని ఆ ఇల్లు చూపించింది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. అందరూ చిన్నచూపు చూసే దేవదాసీలు, పరదా చాటున బతికే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని దుర్గాబాయి ఆశించింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. గాంధీజీ నిధికి ఐదు వేల రూపాయలు ఇస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామని నిర్వాహకులు షరతు పెట్టారు. ఆమె వెనుదిరగలేదు. దేవదాసీల వద్దకు వెళ్లి చెప్పింది. వారే ఆ డబ్బు పోగుచేశారు. ఒక ప్రధానోపాధ్యాయుడు తన బడి ఆవరణను సభకు ఇచ్చాడు. గాంధీజీ అనుకున్నదానికంటే ఎక్కువసేపు మాట్లాడారు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది కూడా ఆ చిన్నపిల్లే.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుకు వెళ్లింది. విడుదలయ్యాక, ఎప్పుడో ఆగిపోయిన చదువును మళ్లీ అందుకుంది. మెట్రిక్ మొదలుకొని న్యాయశాస్త్ర పట్టా వరకు చదివింది. మధ్యలో చదువు ఆగిపోతే కలిగే బాధ ఆమెకు తెలుసు. అందుకే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, తనలాగే బడికి దూరమైన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు తయారుచేయించింది. తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆమే. ఆ ఏడే సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. 1981 మే 9న కన్నుమూసింది.

ఈ జీవితంలో మనం గమనించవలసినది ఒకటుంది. దుర్గాబాయి పెద్దయ్యాక నాయకురాలు కాలేదు. పన్నెండు, పద్నాలుగేళ్లకే నిజమైన పనులు ఆమె చేతికి వచ్చాయి. డబ్బు, సభ, గేటు, బడి. పొరపాటు జరిగితే నష్టం వచ్చే పనులవి. పక్కనుండి చెయ్యందించిన పెద్దలూ ఉన్నారు.

మరి మన విచారణల్లో మనం ఏం చేస్తున్నాం? పండుగ వస్తే కుర్చీలు మోయడానికి, రంగు కాగితాలు అంటించడానికి పిల్లలను పిలుస్తాం. లెక్కల పుస్తకం మాత్రం పెద్దల చేతిలోనే ఉంటుంది. ఈసారి పదో తరగతి పిల్లకు ఆ పుస్తకం ఇచ్చి చూడండి. వీధిలో చదువు మానేసిన పిల్లలెవరో కనుక్కొని, వారికి సాయంత్రం పాఠాలు చెప్పే బాధ్యత ఇద్దరు యువకులకు అప్పగించండి.

అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. రసీదు లేకుండా డబ్బు అడిగిన పెద్దమనిషిని మన పిల్ల ఆపుతుంది. అప్పుడు నిర్వాహకుల్లా ఆమెను కోప్పడతామా, లేక మెచ్చుకుంటామా? మన ఊరికి రేపు ఎలాంటి నాయకులు వస్తారో ఆ క్షణంలోనే తేలుతుంది.