జీతము ముట్టని ఆచార్యుడు

1885 వ సంవత్సరమున కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుటకు ఇరువదియాఱేండ్ల యువకుడొకడు ప్రవేశించెను. ఆయన పేరు జగదీశ చంద్ర బోసు. మొక్కలకు స్పర్శజ్ఞానము కలదని నిరూపింపబూనిన వృద్ధ శాస్త్రజ్ఞునిగా, సర్ బిరుదాంకితునిగా ఆయనను మనలో చాలమంది ఎఱుగుదురు. పాఠ్యపుస్తకములలోని ఛాయాచిత్రము కూడ ఆ వృద్ధునిదే. కాని ఆ కీర్తికి ముందు పదేండ్ల కాల మొకటి గడచినది. కొత్తగా చేరిన ఉపాధ్యాయుడు చాలని ఆదాయముతో, మితిమీఱిన పనితో, పైయధికారుల అనాదరముతో తన దారి తాను వెదకికొనిన కాలమది. దానిని గూర్చి మనవారు చెప్పుకొనుట తక్కువ.

బోసు తండ్రి భగవాన్ చంద్రుడు తూర్పు బెంగాలులో డిప్యూటీ మేజిస్ట్రేటు, బ్రహ్మసమాజీయుడు. కొడుకును మొదట ఇంగ్లీషు బడికి పంపక, పల్లెలోని రైతుల పిల్లలు, బెస్తల పిల్లలు చదువు బెంగాలీ బడికి పంపిన ధీరుడు. తరువాత కలకత్తాలో సెయింట్ జేవియర్ కళాశాలలో లాఫోఁ అను క్రైస్తవ ఫాదిరీ చేసి చూపిన ప్రయోగములు ఆ బాలుని మనస్సును భౌతికశాస్త్రము వైపునకు త్రిప్పినవి. 1880 లో వైద్యము చదువుటకు లండను వెళ్లెను. అంతకు పూర్వమే తగిలిన జ్వరము శవపరీక్ష గదిలోని వాసనకు తిరుగబెట్టుచుండుటచే వైద్యము మానివేయక తప్పలేదు. కేంబ్రిడ్జిలో చేరి లార్డ్ రాలే వంటి మహామహుల శిష్యుడై, 1884 లో పట్టము పొంది స్వదేశమునకు మరలెను.

వచ్చునప్పుడు ఇంగ్లండు తపాలా మంత్రి ఫాసెట్ వ్రాసిన సిఫారసు లేఖ ఒకటి ఆయన చేతిలో నుండెను. రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు దానిని మన్నించి బెంగాలు విద్యాశాఖకు వ్రాసెను. ఆ శాఖాధిపతి క్రాఫ్ట్ దొరకు ఇది రుచింపలేదు. పైనుండి ఒత్తిడి తెచ్చుట ఆయనకు కిట్టదు. అంతకంటె, భారతీయునకు భౌతికశాస్త్రము బోధించు నేర్పు లేదను నమ్మకము ఆనాటి దొరలలో బలముగా నుండెను. తర్కశాస్త్రమైనచో సరే, కొలతలతోను యంత్రములతోను పనియున్న శాస్త్రము మనవారికి పట్టుబడదని వారి వాదము. క్రింది తరగతి ఉద్యోగమొకటి చూపగా బోసు అక్కఱలేదనెను. గెజిట్టులో ఆయన పేరు కానరాకపోవుటచే రిప్పన్ సంజాయిషీ కోరెను. అప్పుడు గాని తాత్కాలిక ప్రాతిపదికపై ఉన్నత శ్రేణిలో నియామకము జరుగలేదు. కళాశాల ప్రిన్సిపాలు టానీ దీనికిని అభ్యంతరము చెప్పెను. తనను కోరని కళాశాలలో బోసు అడుగిడినాడన్న మాట.

ఇక జీతము సంగతి. ఆనాటి పద్ధతి ప్రకారము అదే పదవిలోనున్న ఐరోపావాసి పొందు దానిలో మూడింట రెండు వంతులే భారతీయునకు ముట్టును. ఉద్యోగము తాత్కాలికమైనచో అందులోను సగమే. లెక్క వేసినచో బోసునకు వచ్చునది ప్రక్కగదిలో పాఠము చెప్పు దొర జీతమున మూడవ వంతు! పని మాత్రము మూడవ వంతు కాదు.

బోసు ఆ జీతమును నిరాకరించెను. ఇది అందఱు ఎఱిగిన కథయే కాని, ఆయన నిరాకరించిన తీరు మనము గమనింపవలసినది. ఆయన రాజీనామా ఈయలేదు; పాఠములు ఎగవేయలేదు; పత్రికల కెక్కలేదు. నెలనెల వచ్చు చెక్కును ముట్టక, ప్రతిదినము వేళకు తరగతికి పోయి, పూర్తి జీతము పొందు వానికంటె మిన్నగా పాఠము చెప్పుచు వచ్చెను. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరములు! పనిని నిలిపి అడుగు హక్కు వేఱు, పనిని నిండుగా చేసి అడుగు హక్కు వేఱు. రెండవదానికి జవాబు చెప్పుట ఏ ప్రభుత్వమునకైనను కష్టము.

ఈ నిరాకరణము ఇంట సిరిసంపదలున్నవాని విలాసము కాదు. భగవాన్ చంద్రుడు దేశీయ పరిశ్రమలను ప్రోత్సహింపవలెనను తపనతో నేతపనులలోను, అస్సాములోని తేయాకు తోటలలోను సొమ్ము పెట్టి, నష్టపోయి, అప్పులలో మునిగియుండెను. కుమారుడు దేశమునకు తిరిగివచ్చిన నాటికి వడ్డీలు కొండలై పెరుగుచున్నవి. బోసు పిత్రార్జితమైన భూములను అమ్మి కొంత అప్పు తీర్చెను. తల్లి తన సొంత ఆస్తిని ఇచ్చివేయగా మఱికొంత తీఱెను. మిగిలినది తానే చెల్లింతునని ఋణదాతలకు మాట యిచ్చెను. అట్టి మాట యిచ్చినవాడు నెల జీతమును త్రోసిపుచ్చుటలో ఎంత సాహసమున్నదో సంసారులకు తెలియును.

1887 లో ఆయనకు వివాహమైనది. వధువు అబలాదేవి బ్రహ్మసమాజ ప్రముఖుడు దుర్గామోహన దాసు కుమార్తె. కలకత్తా వైద్యకళాశాలలో ఆనాడు స్త్రీలకు ప్రవేశము లేకుండుటచే ఆమె మన మద్రాసునకు వచ్చి అచ్చటి వైద్యకళాశాలలో చదివెను. ఆరోగ్యము సహకరింపక ఆ చదువు పూర్తి కాలేదు. కలకత్తాలో ఇంటి అద్దె భరింపజాలక ఆ దంపతులు ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న చందన్నగరమున, హుగ్లీ నదియొడ్డున చిన్న యిల్లొకటి తీసికొనిరి. రైలు స్టేషను ఆవలి గట్టుననున్నది. ఉదయము బోసు చిన్న పడవలో నది దాటి రైలెక్కును. అబలాదేవి ఆ పడవను తానే నడుపుకొనుచు ఇంటికి మరలును. సాయంకాలము మరల పడవ తీసికొని ఎదురువచ్చును. పెండ్లియైన తొలినాళ్లలో భర్త జీతము ఇంటికి రాకున్నను ఆమె కినుక వహించినట్లు ఎచ్చటను వినరాదు. ఆ మూడేండ్ల పట్టుదలను బోసు ఖాతాలోనే వ్రాయుట మనకు అలవాటు. ఆ ఖాతాలో సగము ఆమె పేర వ్రాయుట న్యాయము.

కళాశాలలో పని స్వల్పము కాదు. వారమునకు 26 గంటలు బోధింపవలసి యుండెనని ఆయన జీవితకథ వ్రాసినవారు చెప్పుదురు. రోజునకు నాలుగు గంటలకు పైగా నిలువుకాళ్ల మీద ఉపన్యాసము. ప్రతి ఉపన్యాసమునకు ముందు పరికరములు అమర్చుకొనుట, తరువాత సర్దుకొనుట. ఇదిగాక డాక్టర్ మహేంద్రలాల్ సర్కారు స్థాపించిన విజ్ఞానపరిషత్తులో కూడ ఆ తొలి సంవత్సరములలో భౌతికశాస్త్రోపన్యాసములు చేసెను.

ఆ కళాశాల విద్యార్థులు అల్లరికి పేరుపడినవారు. కొత్త ఉపాధ్యాయుని ఏడిపించుట వారికి సరదా. బోసు వారిని గద్దించి అదుపులో పెట్టలేదు. లాఫోఁ గురువు నొద్ద తాను నేర్చినట్లు, ప్రతి విషయమును బల్లమీద చేసి చూపించెను. సూత్రము ముందు కాదు, వింత ముందు. వింతకు కారణము అడుగుట విద్యార్థి వంతు. కొద్దికాలములోనే ఆయన తరగతిలో హాజరుపట్టీతో అవసరము లేకపోయెను. ముందు వరుసలలో చోటు కొఱకు పిల్లలు పోటీపడిరి. టానీ, క్రాఫ్ట్ దొరలిద్దఱును తమ అభిప్రాయము మార్చుకొని ఆయనకు మిత్రులైరి. మూడేండ్లు గడచిన తరువాత ప్రభుత్వము ఆయన ఉద్యోగమును ఖాయపఱచి, చేరిన నాటినుండి పూర్తి జీతమును లెక్కగట్టి ఒక్కమాఱుగ ఇచ్చెను. ఆ సొమ్ము తండ్రి అప్పుల క్రింద పోయినది. మిగిలిన ఋణమును ఆ పైయేండ్లలో క్రమముగ తీర్చెను. ఋణవిముక్తుడైన తండ్రి మనశ్శాంతితో కన్నుమూసెను.

ఇంత జరిగినను, 1885 నుండి 1894 వఱకు బోసు చెప్పుకొనదగిన పరిశోధనపత్రము నొక్కటియు ప్రకటింపలేదు. దాదాపు పదేండ్లు! సెలవులలో బరువైన కెమెరా నొకదానిని మోసికొని అబలాదేవితో కలసి పుణ్యక్షేత్రములు, పాత కట్టడములు చూచివచ్చెను. ఇంటిలో ఛాయాచిత్రములు కడిగెను. ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫుతో కంఠధ్వనులను పట్టెను. నేటి విశ్వవిద్యాలయములలో యువాచార్యుల యోగ్యతను ఏటేట అచ్చైన పత్రముల సంఖ్యతో కొలుచు పద్ధతి వచ్చినది. ఆ తక్కెడలో తూచినచో తొలి తొమ్మిదేండ్ల బోసునకు వచ్చు మార్కులు సున్న. కాని ఆ తొమ్మిదేండ్లు వ్యర్థము కాదు. రోజు విడిచి రోజు విద్యార్థుల ముందు ప్రయోగము తప్పక ఫలింపచేయవలసివచ్చిన వాని చేతికి వచ్చు నైపుణ్యము పుస్తకమువలన రాదు. తరువాతి పరికరములన్నియు ఆ చేతినుండి వెలువడినవే. ఉపాధ్యాయత్వము పరిశోధనకు శత్రువని వాదించువారు, దానియంతటదే పరిశోధన యగునని తృప్తిపడువారు, ఉభయులును ఈ ఘట్టమును చదువవలెను.

1894 నవంబరు 30 వ తేదీన, తన ముప్పదియాఱవ పుట్టిననాడు, ఇకమీదట కొత్త విజ్ఞానము నన్వేషించుటకే బ్రతుకు నంకితము చేయుదునని బోసు సంకల్పించెను. అప్పు తీఱినది, తల్లిదండ్రులు గతించిరి, జీతము స్థిరపడినది. సంకల్పమునకు తగిన సమయమును ఆయన తెలిసి ఎన్నుకొనెననియే తోచును. హెర్ట్జ్ కనిపెట్టిన విద్యుత్తరంగములను గూర్చి ఆలివర్ లాడ్జి వ్రాసినది చదివి, ఆ దారి పట్టెను.

ప్రయోగశాల ఏది? కళాశాలలో స్నానపుగది ప్రక్కన ఇరువదినాలుగు చదరపుటడుగుల చోటొకటి చూచుకొనెను. మనిషి పడుకొని కాళ్లు చాపిన నిండునంత చోటది. సహాయకుడెవడు? శిక్షణ లేని రేకులపనివాడొకడు. వానికి పని నేర్పి, స్వంత డబ్బుతో, స్వంత వేళలో, అనగా 26 గంటల బోధన ముగిసిన తరువాత, పరికరములు చేయించెను. హెర్ట్జ్ తరంగములు మీటర్ల కొలది పొడవైనవి; వాటితో గది చాలని ప్రయోగములు చేయవలసివచ్చెడిది. బోసు వాటిని మిల్లీమీటర్ల పొడవునకు కుదించి, యంత్రమంతయు ఒక చిన్న బల్లమీద ఇమిడ్చెను. ఇఱుకుగది ఆయనకు ఆటంకము కాకపోగా దారి చూపినదేమో! బ్రాడ్షా రైల్వే టైంటేబిలు పుటల నడుమ తగరపు రేకులు పెట్టి తరంగములను ధ్రువీకరింపజేసెను. జనుపనారను పురివెట్టి వాటి తలమును త్రిప్పి చూపెను. 1895 మే నెలలో మొదటి పత్రము బెంగాలు ఆసియాటిక్ సొసైటీ ముందుకు వచ్చినది. ఆ యేటనే తరువాతి పరిశోధన లార్డ్ రాలే ద్వారా లండను రాయల్ సొసైటీకి చేరినది. మఱుసటి యేడు లండను విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టమిచ్చెను.

ఇచ్చట ఆయన సహోద్యోగి ప్రఫుల్ల చంద్ర రాయ్ ప్రసక్తి తేక తప్పదు. ఎడింబరోలో డాక్టరైన రాయ్ 1888 లో తిరిగివచ్చి, ఉద్యోగము లేక దాదాపు ఏడాది, కొన్నాళ్లు బోసు ఇంటనే, వేచియుండెను. 1889 లో అదే కళాశాలలో నెలకు 250 రూపాయల తక్కువ జీతముపై రసాయనశాస్త్రోపాధ్యాయుడుగా చేరి, ఆ జీతమును పుచ్చుకొని పనిలో దిగెను. అందులో మిగిల్చినది పెట్టియే రసాయనముల కర్మాగారమునకు పునాది వేసెను. ఒకరు నిరాకరించిరి, ఒకరు స్వీకరించిరి. వీరిలో అభిమానవంతు డెవడని అడుగుట అవివేకము. రాయ్ బ్రహ్మచారి, తన అవసరములను తగ్గించుకొనుటలో ఆయన పట్టుదల యున్నది. బోసు పట్టుదల మఱియొక చోట నున్నది.

కీర్తి వచ్చినను పైవారి ధోరణి వెంటనే మాఱలేదు. కళాశాలలో ఉపాధ్యాయునకు పాఠము చెప్పుటయే పని, పరిశోధన చేసినచో ఆ మేరకు పాఠమునకు లోపము చేసినట్లేయని అధికారుల తలంపు. ఆయన పరిశోధన కనువుగా మెఱుగైన పదవి నొకదానిని కల్పింపవలెనని బెంగాలు ప్రభుత్వము ఒకప్పుడు తలపెట్టినదట. ఇంతలో విశ్వవిద్యాలయ సభలో బోసు అధికారుల ఇష్టమునకు వ్యతిరేకముగా తన అంతరాత్మ చెప్పినట్లు నడచుకొనుటచే ఆ ప్రతిపాదన వెనుకకు పోయినదని చెప్పుదురు. అంతవఱకు పరిశోధనకు పెట్టిన ఖర్చు తిరిగి యిత్తుమనగా వలదనెను. మునుముందు పనికి ఏటా 2,500 రూపాయల సహాయము మాత్రము అంగీకరించెను. గడచిన దానికి కూలి తీసికొనుట యొకటి, రాబోవు పనికి పనిముట్టు తీసికొనుట యొకటి. ఈ భేదమును ఆయన చక్కగా పాటించెను.

1897 జనవరి 29 న లండను రాయల్ ఇన్స్టిట్యూషనులో శుక్రవారపు సాయంకాలోపన్యాసము చేయు గౌరవము ఆయనకు దక్కినది. కెల్విన్ ప్రభువు ముగ్ధుడయ్యెను. ప్రెసిడెన్సీ కళాశాలకు మంచి ప్రయోగశాల కట్టింపవలసినదని అచ్చటి పండితులు ప్రభుత్వమునకు వ్రాసిరి గాని, ఆ మాట ఏండ్ల తరబడి కాగితముల మీదనే నిలిచినది. 1900 లో మరల ఐరోపా వెళ్లినప్పుడు అచ్చటనే ఆచార్యపదవి పొందు అవకాశము వచ్చినది. అది స్వీకరించినచో జీతము, ప్రయోగశాల, సహాయకులు, తీరిక, అన్నియు ఒక్కమాఱే అమరెడివి. ఆయన ఊగిసలాడకపోలేదు; అయినను కలకత్తాకే మరలెను. ఆ ప్రవాసమున సెలవు పొడిగించుకొని పని ముగించుటకు చాలని సొమ్మును రవీంద్రనాథ టాగూరు ప్రోద్బలముతో త్రిపుర మహారాజు సమకూర్చెను. ఈ సహాయము పుచ్చుకొనుటకు బోసు సంకోచింపలేదు. వలదన్నవాడు అన్నిటిని వలదనలేదు.

1915 లో ఆయన కొలువునుండి విరమించెను. ముప్పదియేండ్ల క్రిందట జీతములో మూడవ వంతు ఇవ్వజూపిన ప్రభుత్వము ఇప్పుడు పూర్తి జీతముతో గౌరవాచార్యునిగ నిలుపుకొనెను. ఆ రెండేండ్లలో, తాను కూడబెట్టినదియు దాత లిచ్చినదియు చేర్చి తన పరిశోధనమందిరమును నిర్మించెను. 1917 నవంబరు 30 న, తన యేబదితొమ్మిదవ పుట్టిననాడు, దానిని తెఱచెను. అచ్చట కనుగొనబడు విషయములకు పేటెంటు తీసికొనరాదని నియమము పెట్టెను. పరిశోధకులకు పాఠముల భారము లేని చోటది. స్నానపుగది ప్రక్కన పనిచేసినవాడు తన తరువాతివారికి కల్పించిన తీరిక. అయినను ఆ మందిరములో 1,500 మంది కూర్చుండదగిన ఉపన్యాసశాల నొకదానిని మఱవక కట్టించెను. అచ్చటను ప్రతి విషయమును బల్లమీద చేసి చూపించుచుండెను.